కొన్నది తుపాకి... కరువు తూటాకి

1948లో యుద్ధం మిగిల్చిన ఆయుధాల కోసం నిజాం ప్రభుత్వం చీకట్లో చేసిన బేరం. కృష్ణ ఇవతలి గట్టు నుంచి చూసిన ఒక యథార్థ గాథ.

1948 వానాకాలం. కరాచీలో పొద్దుగూకేదాకా ఆగి, నాలుగు ఇంజిన్ల లాంకాస్ట్రియన్ విమానం ఒకటి రన్‌వే మీదికి కదిలింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ మీద బాంబులు కురిపించిన లాంకాస్టర్‌నే సామాన్లు మోయడానికి వీలుగా మార్చి చేసిన విమానమది. ఆ రాత్రి దానిలో ప్రయాణికులు లేరు. ఉన్నవన్నీ పెట్టెలే.

గాలిలోకి లేచాక ముందున్నది భారతదేశం. ఆ దేశపు అనుమతి లేదు. అడిగినా ఇవ్వరు. దీపాలు ఆర్పుకుని సుమారు 1,300 కిలోమీటర్లు పోవాలి. నాలుగు గంటలకు అటూ ఇటూ ప్రయాణం. దిగాల్సింది బీదర్‌లో, కాదంటే ఓరుగల్లులో. పెట్టెలు దించేసి తెల్లారకముందే వెనక్కి మళ్లాలి. పగటి వెలుగులో దొరికితే భారత వాయుసేన టెంపెస్ట్ విమానాలు ఊరికే వదలవు. రాత్రి మాత్రం ఆ భయం లేదు. చీకట్లో శత్రువిమానాన్ని వెతికి పట్టే విమానాలు అప్పటికి మన వాయుసేన దగ్గర లేవు.

ఆ సంగతి తెలిసినవాడే ఈ రవాణా మొత్తం నడిపిస్తున్నాడు. పేరు సిడ్నీ కాటన్.

ఇంకో కాటన్ దొర

కాటన్ అనగానే మనకు ధవళేశ్వరం ఆనకట్ట గుర్తుకొస్తుంది. గోదావరి జిల్లాల్లో ఆర్థర్ కాటన్ విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. ఈయన ఆయన కాదు. ఆయన తెలుగు నేలకు నీళ్లు తెచ్చాడు. ఈయన తుపాకులు తెచ్చాడు.

సిడ్నీ కాటన్ 1894లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం తరఫున విమానాలు నడిపాడు. ఆకాశంలో చలికి పైలట్లు గడ్డకట్టుకుపోతుంటే, ఒళ్లంతా కప్పే ఒక దుస్తు తయారుచేశాడు. ఆయన పేరు మీదే దానికి సిడ్‌కాట్ సూట్ అని పేరొచ్చింది. 1939లో, యుద్ధం ఇంకా మొదలవకముందే, వ్యాపారిలా జర్మనీకి తిరుగుతూ, సొంత విమానం అడుగున దాచిన కెమెరాలతో వాళ్ల స్థావరాలను ఫోటోలు తీశాడు. బ్రిటిష్ వాయుసేనలో ఆకాశం నుంచి ఫోటోలు తీసే విభాగం ఆయన చేతుల మీదుగానే మొదలైంది. పైవాళ్లతో పడక 1940లో ఆ పని పోయింది.

యుద్ధం ముగిశాక ఇలాంటి మనుషులు ప్రపంచమంతా ఉన్నారు. విమానం నడపడం వచ్చు, సరిహద్దులంటే లెక్కలేదు, చేతిలో పని లేదు. ఇటు యుద్ధం మిగిల్చిన సరుకు కూడా కొల్లలుగా ఉంది. లారీలు, జీపులు, విమానాలు, తుపాకులు. తుక్కు ధరకు కొని, అవసరమున్నవాడికి బంగారం ధరకు అమ్మడం కొత్త వ్యాపారమైంది. 1948లో అలాంటి అవసరం, దాన్ని తీర్చుకోగల డబ్బు, రెండూ ఉన్న కొనుగోలుదారు ఒకరు హైదరాబాదులో ఉన్నారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ప్రపంచంలో అందరికన్నా ధనవంతుడంటూ 1937లోనే టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది.

కొట్టు కట్టేశారు

అంత డబ్బున్న రాజ్యం దొంగచాటుగా ఎందుకు కొనాల్సొచ్చింది?

బ్రిటిష్ వాళ్లున్నంతకాలం సంస్థానాల సైన్యాలకు ఆయుధాలు ఇచ్చింది భారత ప్రభుత్వమే. నిజాం సైన్యం వాడినదీ బ్రిటిష్ ఇండియా సైన్యం వాడినదీ ఒకటే రైఫిల్. లీ-ఎన్‌ఫీల్డ్. మన పోలీసుల నోట త్రీ నాట్ త్రీ. గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యికి 303 వంతులు కాబట్టి ఆ పేరు. బెంగాల్‌లోని ఈశాపూర్ ఫ్యాక్టరీ నుంచి తుపాకి వచ్చేది, మనదేశపు ఫ్యాక్టరీల నుంచే తూటా వచ్చేది.

1947 నవంబరు 29న నిజాం, భారత ప్రభుత్వం యథాతథ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఏడాదిపాటు పాత ఏర్పాట్లన్నీ అలాగే నడవాలన్నది దాని సారం. నడవలేదు. పాకిస్తాన్‌కు నిజాం ప్రభుత్వం 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చిందని, రాజ్యంలో భారత కరెన్సీని నిషేధించిందని ఢిల్లీ తప్పుపట్టింది. సరిహద్దులో దిగ్బంధం పెట్టారని, రావాల్సిన ఆయుధాలు ఆపేశారని హైదరాబాదు తప్పుపట్టింది. ఊళ్లలో ఖాసిం రజ్వీ నడిపే సాయుధ దళం రజాకార్ల ఆగడాలు పెరిగాయి. కమ్యూనిస్టు దళాల పోరాటం సాగుతూనే ఉంది. ప్రధానమంత్రి లాయక్ అలీ, సేనాపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ ముందున్న చిక్కు ఒక్కటే. తుపాకీ తూటా రెండూ ఒకే కొట్టులో కొంటూ వచ్చారు. ఇప్పుడా కొట్టువాడితోనే గొడవ.

అప్పుడు కాటన్ దిగాడు. జూన్ నుంచి విమానాలు రావడం మొదలైంది. చుట్టూ భారత భూభాగమే ఉన్న రాజ్యానికి ఆకాశం ఒక్కటే దారి. ఢిల్లీ, లండన్‌ను నిలదీసింది. పత్రికలు రాశాయి. విమానాలు మాత్రం సెప్టెంబరు దాకా వస్తూనే ఉన్నాయి.

పాత రైఫిల్ చేతికొస్తే

యుద్ధంలో మిగిలిపోయిన రైఫిల్‌ను కొనడం కొత్త రైఫిల్‌ను కొనడం లాంటిది కాదు. పెట్టె తెరిస్తే ముందు కనిపించేది తుపాకి కాదు, గ్రీజు. తుప్పు పట్టకుండా ఏళ్లతరబడి నిల్వ ఉండటానికి గొట్టం లోపలా బయటా గ్రీజు పూసి పెడతారు. దాన్నంతా కరిగించి, తుడిచి, గొట్టంలోంచి గుడ్డ దూర్చి లాగాలి. గ్రీజు ఉండగానే కాలిస్తే కాల్చేవాడికే ప్రమాదం.

తర్వాత బోల్టు. వెనకవైపు నుంచి తూటాను లోపలికి నెట్టి తలుపులా బిగించే ఉక్కు కడ్డీ అది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో ప్రతి బోల్టునూ దాని తుపాకికే సరిపోయేలా బిగించి, రెండింటి మీదా ఒకే నంబరు కొట్టేవారు. గోదాముల్లో పదిచేతులు మారిన సరుకులో ఆ నంబర్లు కలవకపోవచ్చు. కలవని బోల్టుకూ తూటాకూ మధ్య ఖాళీ మరీ ఎక్కువైతే, కాల్చినప్పుడు తూటా వెనకభాగం పగిలి వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదికి తన్నవచ్చు. అందుకే తెలిసినవాళ్లు మొదట నంబర్లు చూస్తారు, ఆ తర్వాత గొట్టంలోకి వెలుతురు పట్టి లోపలి మరలు అరిగాయో లేదో చూస్తారు.

ఇక కాల్పు. నాలుగు కిలోల బరువు. ఐదు తూటాలు గుచ్చిన ఇనుపపట్టీని పైనుంచి పెట్టి బొటనవేలితో నొక్కితే లోపలికి జారతాయి. రెండు పట్టీలకు పది తూటాలతో మ్యాగజైను నిండుతుంది. బోల్టును పైకి లేపి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి మడిస్తే తూటా గొట్టంలో కూర్చుంటుంది. మీట నొక్కగానే తుపాకి మడమ భుజాన్ని బలంగా తంతుంది. మొదటిసారి కాల్చినవాడు గురి వదిలేసి భుజం పట్టుకుంటాడు. రెండోసారి, ఆ తన్ను వస్తుందని తెలిసి, మీట నొక్కకముందే కళ్లు మూసుకుంటాడు. గురి తప్పేది అక్కడే. ఆ బెదురు పోవడానికి ఉపదేశాలు పనికిరావు. పదుల కొద్దీ తూటాలు కాల్చాలి. కాల్చాక మళ్లీ పని ఉంది. ఆనాటి తూటా అడుగున నిప్పు రాజేసే మందు మిగిల్చే లవణాలు గొట్టాన్ని తినేస్తాయి కాబట్టి, మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి.

బాగా తర్ఫీదైన బ్రిటిష్ సిపాయి ఈ రైఫిల్‌తో నిమిషానికి 15 తూటాలు గురిచూసి కాల్చేవాడు. నిజాం సైన్యంలో కూడా అలాంటివాళ్లున్నారు. 1941 డిసెంబరులో మలయాలోని కోటభారు విమానాశ్రయానికి కాపలా ఉన్నవాళ్లలో హైదరాబాదు పటాలం ఉంది. కొత్తవాళ్లు రజాకార్లు. రజాకార్ల సంఖ్య రెండు లక్షలని, వాళ్లలో నాలుగో వంతుకు మాత్రమే ఆధునిక తుపాకులున్నాయని అంచనా. మిగతావాళ్ల దగ్గర ఉన్నవి ముందునుంచి మందుకూరే భర్మార్లు, కత్తులు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. రెండు లక్షల్లో నాలుగో వంతు 50 వేలు. గురి కుదరడానికి ఒక్కొక్కరు 50 తూటాలు కాల్చాలనుకుందాం. 25 లక్షల తూటాలు. త్రీ నాట్ త్రీ తూటా ఒకటి సుమారు 25 గ్రాములు తూగుతుంది. మొత్తం 62 టన్నులు దాటుతుంది. విమానానికి ఐదు టన్నులు ఎక్కించినా పన్నెండు పదమూడు విమానాల సరుకు సాధనకే అయిపోతుంది. వాళ్లందరూ నిజంగా యుద్ధంలో నిలబడి, నిమిషానికి 15 తూటాల వంతున కాల్చారే అనుకుందాం. ఏడున్నర లక్షల తూటాలు. దాదాపు 19 టన్నులు. నాలుగు విమానాలు రాత్రంతా ఎగిరి తెచ్చిన సరుకు ఒకే ఒక్క నిమిషంలో గాలిలో కలిసిపోతుంది.

బోరు వేసి, మోటారు దించి, కరెంటు లైను లేని పొలంలా ఉంది పరిస్థితి. కాటన్ ఎంత తెగించినా, నిజాం ఎంత పోసినా, విమానాల మీద తెచ్చి ఒక రాజ్యాన్ని కాపాడే తూటాలు సమకూర్చడం కుదరని పని.

ఇవతలి గట్టు

పల్నాడులోని మాచర్ల, గురజాల వాళ్లకు నైజాం అంటే కృష్ణ అవతలి గట్టు. పొందుగల రేవులో నిలబడితే ఎదురుగా వాడపల్లి. అక్కడే మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అప్పటికి నాగార్జునసాగరం లేదు, పులిచింతల లేదు. వానాకాలంలో నది నిండుగా పారేది. రజాకార్ల దాడులకు తట్టుకోలేక నల్లగొండ పల్లెల జనం గుంటూరు, కృష్ణా జిల్లాలకు తరలివచ్చారు. వాళ్ల వెంట తుపాకి కథలు వచ్చాయి.

అప్పటికే పల్నాడుకు రైఫిల్ తెలుసు. అయితే తెలిసింది మడమ వైపు నుంచి కాదు, గొట్టం వైపు నుంచి. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమంటే కట్టబోమని 1921లో ఈ ప్రాంతం తిరగబడింది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసులు కాల్పులు జరిపారు. కన్నెగంటి హనుమంతు ఆ కాల్పుల్లోనే నేలకొరిగాడు. అప్పుడు గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. రెండేళ్లు తిరిగేసరికి మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటును అణచడానికి ప్రత్యేక కమిషనరుగా పంపింది కూడా ఆయన్నే.

మన్యంలో జరిగింది ఇంకో పాఠం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద రాజు దళం వరసగా దాడిచేసి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు పట్టుకుంది. భాగిస్తే ఒక్కో తుపాకికి సుమారు వంద తూటాలు. అంత కొద్దిపాటి సరుకుతో రాజు సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కూల్చాడు. వెంట వచ్చిన భారతీయ సిపాయిలను పోనిచ్చాడు. దయ ఒక్కటే కాదు, అందులో పొదుపూ ఉంది. ఒక్క తూటాను ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలిసినవాడి లెక్క అది. ఆ లెక్క కూడా ఎల్లకాలం చెల్లలేదు. కొత్త తూటా వచ్చే దారి లేదు. ఎదుటివాడికి మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్, వాళ్ల వెనక ఒక సామ్రాజ్యపు ఫ్యాక్టరీలు. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చేశారు.

దోచుకున్న తుపాకికైనా, డబ్బు పోసి కొన్న తుపాకికైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే. రేపటి తూటా ఎవరిస్తారు?

ఐదు రోజులు

1948 సెప్టెంబరు 11న జిన్నా చనిపోయాడు. 13వ తేదీ తెల్లవారుజామున భారత సైన్యం కదిలింది. ఆపరేషన్ పోలో అని దాని పేరు, ప్రభుత్వం మాత్రం పోలీసు చర్య అంది. పడమట షోలాపూర్ నుంచి మేజర్ జనరల్ చౌధురి, తూర్పున బెజవాడ నుంచి మేజర్ జనరల్ రుద్ర. మొదటి రోజుల్లోనే టెంపెస్ట్ విమానాలు బీదర్, ఓరుగల్లు రన్‌వేల మీద బాంబులు వేశాయి. కాటన్ దారి మూసుకుపోయింది.

పడమటి వైపు నల్‌దుర్గ్ మొదటి రోజే పడిపోయింది. పేలుడు పదార్థాలు నింపిన జీపుతో వంతెనలు కూల్చడానికి బయల్దేరిన మూర్ అనే మాజీ బ్రిటిష్ అధికారి ఆ దగ్గరే దొరికిపోయాడు. యుద్ధం మిగిల్చిన సరుకులో అతనూ ఒకడు.

తూర్పున కోదాడ, మునగాల దగ్గర నిజాం సైన్యపు సాయుధ కార్లు గట్టిగానే ఎదురు నిలిచాయి. సూర్యాపేట మీద విమానాలు దాడి చేశాక దారి తెరుచుకుంది. వెనక్కి తగ్గుతూ నిజాం సైనికులు మూసీ మీది వంతెన పేల్చారు. మంచి ఎత్తే. కానీ వంతెన పేల్చినవాడు అవతలి ఒడ్డున తుపాకులతో కాచుక్కూర్చోవాలి. మరమ్మతు చేయడానికి వచ్చినవాళ్లను తల ఎత్తనివ్వకుండా కాల్పులు సాగించాలి. అలా కాల్చేవాళ్లు అక్కడ లేరు. భారత ఇంజినీర్లు త్వరగానే వంతెన సరిచేసుకుని ముందుకు సాగారు.

17వ తేదీ సాయంత్రానికి కాల్పులు ఆగాయి. 18న ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. మూడు నెలలకు పైగా రాత్రుళ్లు ఎగిరిన విమానాలు మోసుకొచ్చిన బలం ఐదు రోజులు నిలబడలేదు. నిజాం సైన్యంలో వందల మంది, రజాకార్లలో 1,373 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క.

ఈ లెక్క అంతటితో ముగియలేదు. ఆ తర్వాతి రోజుల్లో పల్లెల్లో ముస్లింల మీద దాడులు జరిగాయి. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. తుపాకి ఎన్నడూ పట్టనివాళ్లు వాళ్లలో ఎందరో. పారిపోయిన రజాకార్ల ఆయుధాలు కొన్ని కమ్యూనిస్టు దళాల చేతికొచ్చాయి. దళాలు ఆ తుపాకులతో ఈసారి భారత సైన్యాన్ని ఎదుర్కొన్నాయి. 1951 అక్టోబరు 21న సాయుధ పోరాటం విరమించేదాకా ఆ కాల్పులు సాగాయి.

లాయక్ అలీ గృహనిర్బంధం నుంచి తప్పించుకుని 1950లో పాకిస్తాన్ చేరాడు. రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి, విడుదలయ్యాక అక్కడికే పోయాడు. కాటన్ మీద బ్రిటన్‌లో కేసు నడిచింది. శిక్ష 200 పౌండ్ల జరిమానా.

ఈనాడు కొనగలమా?

ఇది చదివి, పాత సైనిక రైఫిల్ ఒకటి సొంతంగా కొనుక్కుంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తే, మనదేశంలో ఆ కోరిక తీరదు. త్రీ నాట్ త్రీ మనదగ్గర నిషిద్ధ బోరు. మామూలు పౌరుడికి కలెక్టరాఫీసులో దానికి లైసెన్సు రాదు. సైన్యం తూటా బయటి తుపాకుల్లోకి పోకూడదనే బ్రిటిష్ కాలపు జాగ్రత్త ఇంకా నడుస్తోంది. అందుకే అదే లీ-ఎన్‌ఫీల్డ్ పనితనంతో, వేరే తూటాతో, ఐదు తూటాల మ్యాగజైనుతో .315 రైఫిల్ తయారుచేసి పౌరులకు అమ్ముతున్నారు. 2019 సవరణ తర్వాత సాధారణంగా ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. ఎన్నికల గంట మోగిందంటే ఆ తుపాకిని కూడా మామూలుగా ఠాణాలో జమ చేయించుకుంటారు. పల్నాడులో ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కార్తీకంలో కారంపూడి వీరుల తిరునాళ్లకు వీరుల ఆయుధాలైన కొణతాలు మోసుకొచ్చే వీరాచారవంతుల గడ్డ ఇది. ఇక్కడ ఆయుధానికి పూజ ఉంది. తుపాకికి మాత్రం కాగితం ఉండాలి.

మన పోలీసులు కూడా త్రీ నాట్ త్రీని ఒక్కో రాష్ట్రంలో వదిలేస్తున్నారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో దానికి వీడ్కోలు చెప్పారు.

అమెరికాలో సంగతి వేరు. యుద్ధం మిగిల్చిన రైఫిళ్లు అక్కడ 1950ల్లో పోస్టులో తెప్పించుకునేంత చవకయ్యాయి. 1963లో అధ్యక్షుడు కెన్నెడీని చంపిన ఇటలీ కార్కానో రైఫిల్‌ను హంతకుడు ఓస్వాల్డ్ దుర్భిణీతో కలిపి 19 డాలర్ల 95 సెంట్లకు పోస్టులోనే తెప్పించుకున్నాడు. ఆ హత్య తర్వాత 1968లో వచ్చిన చట్టం పోస్టు అమ్మకాలనూ, పాత సైనిక ఆయుధాల దిగుమతినీ ఆపింది. దిగుమతి నిబంధనలు 1980ల్లో కొంత సడలాయి. డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో ఉన్న మన నరసరావుపేట కుర్రాడు హెచ్-1బి వీసా మీదుంటే అక్కడి చట్టం మామూలుగా కొననివ్వదు. గ్రీన్ కార్డు ఉంటే మిగతా పరిశీలనలు దాటాక కొనుక్కోవచ్చు. అలా కొన్నవాడు కూడా కొన్నాళ్లకే తెలుసుకునేది, తుపాకి ధర కంటే తూటాల ఖర్చు ఎక్కువని.

చివరి పద్దు

నిజాం బేరంలో ఒక పద్దు మాత్రం డెబ్బై ఏళ్లు తేలలేదు. హైదరాబాదు పడిపోతున్న ఆ సెప్టెంబరు రోజుల్లోనే, లండన్‌లోని నిజాం ప్రభుత్వ ఖాతాలోని 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా పేరు మీదికి మారాయి. అది తన అనుమతి లేకుండా జరిగిందని నిజాం బ్యాంకుకు రాశాడు. బ్యాంకు ఎవరికీ ఇవ్వకుండా సొమ్మును బిగబట్టింది. కేసు లండన్ హైకోర్టుకెక్కినప్పుడు, 1948లో హైదరాబాదుకు ఆయుధాలు చేరవేయడంలో తాము చేసిన సాయానికి ఆ డబ్బు ముడిపడి ఉందని పాకిస్తాన్ వాదించింది. కాటన్ విమానాల కథంతా కోర్టులో మళ్లీ విప్పారు. 2019 అక్టోబరు 2న న్యాయమూర్తి మార్కస్ స్మిత్ ఆ వాదనను తోసిపుచ్చి, డబ్బు నిజాం వారసులకూ భారతదేశానికీ చెందుతుందని తీర్పిచ్చారు. అప్పటికి అది వడ్డీతో పెరిగి మూడున్నర కోట్ల పౌండ్లయింది.

ఆ తీర్పు డబ్బు ఎవరిదో చెప్పింది. తుపాకి సంగతి 1948 సెప్టెంబరే చెప్పేసింది. తుపాకి ఒక్కసారి కొంటే చాలు, తూటా కొంటూనే ఉండాలి. దాన్ని అమ్మే కొట్టువాడితో తగువు పెట్టుకుని యుద్ధానికి దిగినవాడు, ప్రపంచంలోకెల్లా ధనవంతుడైనా, ఐదు రోజుల కంటే ఎక్కువ నిలవలేదు.